మాట్లాడితే రాసే పలక

ఆలూరు,
18 ఏప్రిల్ 2024

ప్రియమైన ఫిరోజాకు,

ప్రభువు పేరిట వందనాలు. ఇమాం బాషా అన్నకు కూడా చెప్పు.

జూన్ నెలాఖరుకు నా ఉద్యోగం ముగుస్తుంది. ముప్పై ఏడేళ్లు ఈ మండలంలోనే తిరిగాను. ఆఖరి పదకొండేళ్లు ఈ ఊరి బడిలోనే. మా టీచర్లంతా కలిసి నాకేదైనా ఇవ్వాలనుకుంటున్నారు. "శాలువాలు వద్దులే మేడం, పనికొచ్చేది చెప్పండి. లాప్‌టాపా, టాబ్లెట్టా?" అని స్తుతి చీటీ మీద రాసి అడిగింది. స్తుతి అంటే మా బడిలో అందరికన్నా చిన్న టీచరు, ఆదోని పిల్ల.

నాకు రెండింటికీ తేడా తెలియదు. ఒకటి పెట్టెలా తెరుచుకుంటుంది, ఇంకొకటి పలకలా ఉంటుంది. నా చదువు అంతే. నువ్వు ఇరవై ఏళ్లుగా జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నావు. ఏది తీసుకోమంటావో చెప్పు.

ఫోన్ చేయవద్దు. మా ఇంట్లో సిగ్నల్ సరిగా ఉండదు, మాట తెగిపోతుంది. నాది ఆ పాత బటన్ల ఫోనే. టీచర్ ట్రైనింగ్ ముగిసి విడిపోయినప్పటి నుంచి మనకు ఉత్తరాలే అలవాటు కదా. రాయి.

ఓబులమ్మ వదిన బాగుంది. మా అన్న పోయాక ఇద్దరమే మిగిలాం. ఎండలో చేనికి పోవద్దన్నా పోతుంది.

నీ రాహేలు


కడప,
27 ఏప్రిల్ 2024

రాహేలూ, సలాం.

ఇది కూడా అడగాలా? లాప్‌టాప్. కళ్లు మూసుకుని లాప్‌టాప్ అని చెప్పు.

టాబ్లెట్ అంటే పెద్ద ఫోన్, అంతే. మంచం మీద పడుకుని సినిమాలు చూడడానికి బాగుంటుంది. పని అన్నప్పుడు చేతులెత్తేస్తుంది. నా కొట్టుకు టాబ్లెట్లు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు ఎందుకొస్తారనుకున్నావు? దాంట్లో కానిది నా దగ్గర చేయించుకుందామని. మొన్న క్రాంతి కుమార్ అని ఒక లెక్చరర్ వచ్చాడు. ఖరీదైన టాబ్లెట్, దానికి తోలు తొడుగు. "అక్కా, రెండు దినాల్నుంచి ఈ పట్టికతో కొట్టుకుంటాండా. ఒక గీత జరిపితే ఇంగో గీత పోతాండాది" అన్నాడు. నా పాత లాప్‌టాప్‌లో పావుగంటలో సరిచేసి చేతిలో పెట్టాను. దాని మీట ఒకటి ఊడిపోయి ఉంది, అయినా చేసింది.

నీకు లాప్‌టాపే ఎందుకంటే, నీ దగ్గర పొడుపు కథల నోటు పుస్తకాలున్నాయి. పిల్లల ఇళ్లకు పోయి అవ్వల దగ్గర రాసుకున్నవన్నీ. రిటైరయ్యాక పుస్తకం వేస్తానని ఎన్నిసార్లు అన్నావు? తెర మీద వేలితో పొడుస్తూ పుస్తకం రాయలేవు.

ఇక సిగ్నల్ సంగతి నాకు చెప్పొద్దు. మూడుసార్లు చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, నేను మాట్లాడుతుండగానే "సరే సరే, ఉంటా" అని పెట్టేశావు. నేనింకా విషయానికే రాలేదు.

మా ఇంటాయనకు, అదే మీ ఇమాం బాషా అన్నకు, మెట్లెక్కితే ఆయాసం. గ్యాస్ అంటాడు.

శ్రావణంలో కర్నూలులో మన దేవేంద్రప్ప కూతురి పెళ్లి. ట్రైనింగ్‌లో మన వెనక బెంచీలో నిద్రపోయేవాడే, ఆ దేవేంద్రప్ప. మన బ్యాచ్ అంతా వస్తున్నారు. తప్పించుకోకు.

ఫిరోజా


ఆలూరు,
2 జూలై 2024

ప్రియమైన ఫిరోజాకు,

వందనాలు. కోపం తెచ్చుకోకు. టాబ్లెట్ తీసుకున్నాను.

నువ్వు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ నాకు ఇదే కావాలనిపించింది. చేతిలో ఇముడుతుంది, సంచిలో పడుతుంది. ఇంతకన్నా కారణం అడగకు.

వీడ్కోలు సభ బాగా జరిగింది. అందరూ బాగా మాట్లాడారు. పిల్లలు మల్లెపూల దండ తెచ్చారు. వదిన ముందు వరుసలో కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. నేనూ ఏదో మాట్లాడాను.

పెళ్లికి వస్తాను. అన్నను డాక్టరుకు చూపించు. గ్యాస్ అనుకుంటూ కూర్చోవద్దు.

నీ రాహేలు


కడప,
21 ఆగస్టు 2024

రాహేలమ్మ గారికి,

మన మధ్య 'గారు' ఎప్పుడూ లేదు. ఈరోజు చేయి అలాగే రాసింది.

పెళ్లిలో నిన్ను భోజనాల హాలు పక్కకు లాక్కుపోయి చెప్పాను. నాకు బాగా గుర్తుంది, ఏ మాటలు అన్నానో కూడా. "నవీద్ కూడా శానా దిగులు పడతాండాడు మే. మీ అన్నకు గుండెలో మూడు చోట్ల మూసుకపోయిండాదంట. వచ్చే నెల ఆపరేషన్. నాకు భయమైతాంది" అన్నాను. నా కొడుకు నవీద్ దగ్గర కూడా భయమన్న మాట అనలేదు. నీ దగ్గరే అన్నాను.

నువ్వు నా రెండు చేతులూ పట్టుకుని నవ్వావు. "శానా సంతోషం ఫిరోజా! దేవుడు మేలు చేసినాడు" అన్నావు. నేను నోరు తెరిచి చూస్తుంటే, "పాయసం తిన్నావా? బాగుండాది" అన్నావు.

నలభై ఏళ్ల స్నేహం. హాస్టల్లో నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నా తల నీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నదానివి. ఆ మనిషి ఏమైందో నాకు అర్థం కాలేదు. రిటైరయ్యాక ఎవరి కష్టమూ వద్దనిపించిందా? ఫోన్ ఎత్తవు. చెప్పిన సలహా వినవు. ఎదురుగా నిలబడి చెప్పినా వినవు.

బస్సులో నంద్యాల దాటేదాకా ఏడవలేదు. దాటాక ఏడ్చాను. పక్కసీటు ఆవిడ నీళ్ల సీసా ఇచ్చింది.

ఇది నిన్ను నొప్పించడానికి రాయడం లేదు. రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఫిరోజా


ఆలూరు,
26 ఆగస్టు 2024

ఫిరోజా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవలేకపోయాను.

నువ్వు చెప్పింది నాకు వినపడలేదు.

ఆ హాల్లో గోల వల్ల కాదు. నాకు సరిగా వినపడక మూడేళ్లయింది. మొదట పిచ్చుకల గొంతు పోయింది. తర్వాత కుక్కర్ విజిల్. ఆ తర్వాత పిల్లల మాటల చివరలు. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో గాలి తిరుగుతున్నట్టు ఉంటుంది. కర్నూలులో చూపించుకున్నాను. నరం బలహీనమన్నారు. చెవిలో మిషన్ పెట్టారు. దాంతో శబ్దం పెరిగింది గాని మాట తెలియలేదు. తరగతిలో పిల్లలంతా మాట్లాడితే రేకుల మీద వాన పడినట్టుండేది. తీసి పెట్టెలో పడేశాను.

బడిలో ఎవరికీ చెప్పలేదు. చెవిటి టీచరు అనిపించుకుని దిగిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. జవాబులన్నీ పలకల మీద రాసి ఎత్తి చూపమని పిల్లలకు అలవాటు చేశాను. తనిఖీకి వచ్చిన అధికారి ఇదేదో కొత్త పద్ధతి అనుకుని పుస్తకంలో మెచ్చుకుని రాసిపోయాడు. అది చూసి ఇంటికొచ్చి ఏడ్చాను.

జూన్‌లో బడి తెరిచిన వారం, బడి వదిలే లాంగ్ బెల్ కొట్టినా తెలియక లెక్క చెబుతూనే ఉన్నాను. పిల్లలు నా మొహం చూస్తూ కూర్చున్నారు, పాపం. స్తుతి లోపలికొచ్చి వాళ్లను పంపించేసింది. తన టాబ్లెట్ తెచ్చి నా ముందు పెట్టి ఏదో అంది. తెర మీద తెలుగులో అక్షరాలు వచ్చాయి: "మేడం, మీకు ఎన్ని దినాల నుంచి వినపడడం లేదు?"

మూడేళ్లలో ఒక మనిషి నోటితో అడిగిన ప్రశ్న మొదటి నుంచి చివరిదాకా నాకు అందడం అదే మొదటిసారి.

అందుకే టాబ్లెట్ అన్నాను. ఫోన్‌లో కూడా ఇది ఉంటుందట, కానీ నా కళ్లకు ఆ అక్షరాలు చీమలు. ఇందులో అక్షరాన్ని చింతగింజంత చేసుకోవచ్చు. స్తుతి లాప్‌టాప్ కూడా తెచ్చి చూపించింది. అది తెరిస్తే ఎదుటి మనిషికీ నాకూ మధ్య తలుపు నిలబెట్టినట్టుంది. ఇదైతే ఇద్దరి మధ్యన పళ్లెంలా పడుకుంటుంది.

పెళ్లికి దాన్ని తెచ్చాను కూడా. సంచిలో చీరల కింద ఉంది. మన బ్యాచ్ వాళ్లందరి ముందు తీయడానికి సిగ్గుపడ్డాను. నీ పెదవుల మీద 'నవీద్' అన్న పేరు పట్టుకున్నాను. నీ కళ్లలో నీళ్లు చూశాను. నవీద్ తండ్రి కాబోతున్నాడని చెబుతున్నావనుకున్నాను, అవి సంతోషపు నీళ్లనుకున్నాను.

నా సిగ్గు నిన్ను బస్సులో ఏడిపించింది. నన్ను క్షమించు. అన్నకు ఆపరేషన్ ఎప్పుడు, ఎక్కడ? రాయి. వెంటనే రాయి.

రాహేలు


కడప,
22 సెప్టెంబర్ 2024

మే రాహేలూ,

ముందు మంచి మాట. ఆపరేషన్ తొమ్మిదో తేదీన కర్నూలులోనే అయింది. మొన్న ఇంటికొచ్చాం. మీ అన్న దిండుకు ఆనుకుని కూర్చుని, చప్పటి కూర పెడుతున్నానని నన్ను తిడుతున్నాడు. అంటే బాగున్నాడని అర్థం.

నీ ఉత్తరం ఆపరేషన్‌కు ముందే వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోయి ఆయనకు చదివి వినిపించాను. విని ఏమన్నాడో తెలుసా? "ఆపరేషన్ అని చెప్తే అందరూ నన్ను అప్పుడే పూడ్చిపెట్టినట్టు మొగాలు పెట్టినారు. ఆ యమ్మ ఒక్కతే సంతోషపడి పాయసం తినింది. పోయి చెప్పు, నాకు ఆ యమ్మ మాటే జరుగుతాదని." నవ్వితే గుండె కదులుతుందని నర్సు కేకలేసింది.

నేను నీ మీద కోపంగా ఉన్నాను, కానీ వేరే కోపం. మూడేళ్లు! బంగారు గాజు పోయినా నాలుగు పేజీలు రాసేదానివి, చెవులు పోతే రాయలేదు. కానీ నేను కూడా దాచాను. ఏప్రిల్‌లో గ్యాస్ అని రాశాను చూడు, అప్పటికే రెండు పరీక్షలు జరిగాయి. ఆ మాట చెప్పడానికే మూడుసార్లు ఫోన్ చేశాను. కాగితం మీద రాస్తే నిజమైపోతుందని భయం. హాల్లో నా కష్టం చెప్పుకోవడంలో పడి, నీ కళ్లు నా పెదవులనే పట్టుకుని ఉన్నాయని చూసుకోలేదు.

ఆసుపత్రికి లాప్‌టాప్ తీసుకుపోయాను. కొట్టు మూసినా దరఖాస్తుల గడువులు ఆగవు కదా. ఒళ్లో పెట్టుకుంటే కాళ్లు కాలాయి. పక్కన పెడదామంటే మందుల స్టూలు తప్ప చోటు లేదు. ప్లగ్గు ఆ చివరి మంచం దగ్గర. అయినా తొమ్మిది దరఖాస్తులు ముగించాను. నీ పళ్లెంలో అయ్యే పని కాదది. అంతవరకు నా మాట మీదే ఉన్నాను.

ఈసారి కలిసినప్పుడు దాన్ని చీరల కింద పెట్టావంటే నేనే తీసి నడి హాల్లో పెడతాను.

ఫిరోజా


ఆలూరు,
10 నవంబర్ 2024

ప్రియమైన ఫిరోజాకు,

అన్న వీధి చివరిదాకా నడుస్తున్నాడని చదివి మోకరించాను. ఇప్పుడు నా విశేషాలు.

టాబ్లెట్‌కు వదిన పాత చీర కొంగుతో సంచి కుట్టింది. అది భుజానికి తగిలించుకునే ఎక్కడికైనా పోతున్నాను. దీనికి లోపాలు లేకపోలేదు. ఎండలోకి పోతే తెర నల్లబడి నా మొహమే కనిపిస్తుంది. ఇంట్లో నెట్ మా పడమటి కిటికీ దగ్గరే సరిగా వస్తుంది, మిగతా చోట్ల వచ్చి పోతుంటుంది. సిగ్నల్ లేదని నీకు చెప్పిన అబద్ధం ఇప్పుడు నిజమైంది. మన మాట దానికి సగమే తెలుసు. మా వీధి మారెన్న "యాడికి పోతాండావు మేడం" అంటే "ఏడికి పోతాం దావు మేడం" అని రాసింది. నేను కిందా మీదా చూసి, "సంతకు" అన్నాను.

గుడికి కూడా తీసుకుపోయాను. ఒళ్లో పెట్టుకుంటే నేను సినిమా చూస్తున్నానని గాబ్రియేలు పాస్టర్‌గారు అనుకున్నారట. ఆరాధన అయ్యాక చూపించాను. తన ప్రసంగమంతా అక్షరాల్లో చూసుకుని, "ఇంత పొడుగు చెప్పినానా అమ్మా?" అన్నారు. పాట వచ్చినప్పుడు మాత్రం ఇది చేతులు కట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు జ్ఞాపకంలో ఉన్న రాగం పట్టుకుని నేనూ పాడుతున్నాను. ఎక్కడైనా తప్పితే పక్కనున్న ఏసన్న భార్య నా మోకాలు తడుతుంది.

అసలు సంగతి వదినది. పోయిన నెల ఒకరోజు వంటింటి గట్టు మీద టాబ్లెట్ తెరిచి ఉంది. వదిన పొయ్యి దగ్గర ఉంది. ఉన్నట్టుండి అక్షరాలు రావడం మొదలైంది: "ఉప్పెక్కువైందా అంటే చెప్పదు. తక్కువైందా అన్నా చెప్పదు. నవ్వేది మాత్రం వచ్చు మారాణికి." నేను పగలబడి నవ్వి, పైకి చదివాను. వదిన చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "నా కూతలన్నీ రాసుకుంటాందా అది? పోయిన మీ అన్నను తిట్టినేవి గూడా రాసిందా?"

తర్వాత గరిటె పక్కన పెట్టి వచ్చి నా దగ్గర కూర్చుంది. "నీకు ఇనపడదని నాకు ఎప్పుడో తెలుసు రాయేలూ. నువ్వు చెప్పేదాకా నేనెందుకు అనాల అనుకున్నా. మూడేండ్లు నా కష్టం సుఖం గోడకు చెప్పుకున్నా" అంది. అది తెర మీద ఒక్కొక్క మాటగా చదివాను. ఫిరోజా, చెవులు పోయింది నాకు. ఒంటరిదైంది ఆమె.

ఇప్పుడు పొద్దున కాఫీ దగ్గర గంటసేపు మాట్లాడుకుంటాం. మూడేళ్ల బాకీ అంటుంది వదిన.

పొడుపు కథలు కూడా దీనికి చెబుతున్నాను, అది రాస్తోంది. కిటికీ దగ్గర కూర్చుని రోజుకు పది. వాటిని పుస్తకంలా పేర్చడం మాత్రం నా వల్ల కావడం లేదు. వేలితో ఒకదాన్ని తోస్తే ఇంకొకటి పారిపోతోంది. స్తుతితో నీకు పంపిస్తాను. నువ్వు నవ్వినా ఫరవాలేదు.

నీ రాహేలు


కడప,
8 డిసెంబర్ 2024

రాహేలూ,

నవ్వాను. బాగా నవ్వాను. "తల్లి నలుపు, బిడ్డ పచ్చన, మనవరాలు తెలుపు" అన్నదాన్ని నీ పలక "తల్లి నా పులుపు" అని రాసింది. మీ అన్న చింతచెట్టు అని జవాబు కూడా చెప్పేశాడు. స్తుతి పంపిన నీ నోటు పుస్తకం ఫోటో చూసి సరిచేశాక, అరగంట ఆలోచించి నల్లరేగడి, పత్తి మొక్క, పత్తి అన్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున కొట్టుకు వచ్చి నా పక్కన కూర్చుంటున్నాడు. నేను లాప్‌టాప్‌లో పేజీలు పేరుస్తుంటే ఒక్కొక్కటి చదివి జవాబు చెబుతాడు. ఇంట్లో ఉంటే జబ్బు గుర్తొస్తుందట.

రెండు వందల పన్నెండు ఉన్నాయి. సగం అయ్యాయి. అక్షరం కొంచెం పెద్దది పెట్టాను, నీలాంటి కళ్లవాళ్లు చదువుతారని.

మొన్న ఒకావిడ వచ్చి, "లాప్‌టాప్ కొనాల్నా అక్కా, టాబ్లెట్ కొనాల్నా?" అంది. లాప్‌టాప్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుని, "దేనికమ్మా నీకు?" అని అడిగాను. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు నేను.

ఫిరోజా


ఆలూరు,
16 ఫిబ్రవరి 2025

ప్రియమైన ఫిరోజాకు,

పుస్తకం చేతికి వచ్చింది. మారెన్న బస్టాండు నుంచి కట్ట తెచ్చి అరుగు మీద దించాడు. బడికి ఇరవై ఇచ్చాను. కథలు చెప్పిన అవ్వల్లో బతికున్న ఆరుగురికీ స్వయంగా పోయి ఇచ్చాను. నీ పేరు రెండో పేజీలో ఎందుకంత చిన్నగా వేసుకున్నావు?

ఇంకొక వార్త ఉంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం. నాకు మళ్లీ ఒక విద్యార్థి దొరికింది. వయసు అరవై తొమ్మిది.

డిసెంబర్‌లో ఒకరోజు వదిన టాబ్లెట్ వంక చాలాసేపు చూసి, "నేను చెప్పిందే ఇది రాస్తాందని నాకెట్ల తెలుస్తాది?" అంది. "నేను చదివి చెబుతున్నాను కదా వదినా" అన్నాను. "నువ్వు దానికేసి చూసి నవ్వుతావు. నాకేసి చూసి ఏదో చెప్తావు. మధ్యలో ఏం మాయ జరుగుతాందో నాకేం తెలుసు?" అంది. అన్నదాంట్లో న్యాయం ఉంది. ఇన్ని నెలలు ఆమె మాటలు ఆమెకే తెలియని గీతలుగా నా ముందు పరుస్తున్నాను.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాం. ముప్పై ఏడేళ్లు మండలంలోని పిల్లలందరికీ అక్షరాలు నేర్పి, ఒకే ఇంట్లో ఉన్న మనిషిని ఏనాడూ అడగలేదు నేను. ఆమె కూడా అడగలేదు. అన్నం, చేను, గొడ్లు, అంతే ఆమె అనుకున్నాను. టాబ్లెట్ మీదే వేలితో దిద్దించాను. సుద్దముక్క అక్కర్లేదు, తుడిచే గుడ్డ అక్కర్లేదు, తప్పు రాస్తే ఒక్క తాకుతో పోతుంది. తప్పు పోవడం ఆమెకు బాగా నచ్చింది. "మనుషులకు గూడా ఇట్లాంటిది ఉంటే బాగుండు" అంది. కలుపు తీసిన వేళ్లు, గట్టిపడిపోయాయి. మొదట్లో తెరకు ఆమె వేలు తెలిసేదే కాదు. తడిగుడ్డకు అద్దుకుని రాసేది. క్రిస్మస్ నాటికి తన పేరు వచ్చింది. సంక్రాంతి దాటాక గుణింతాలు. 'ఓ' రాయడానికి మాత్రం నాలుక బయటపెడుతుంది.

నిన్న మధ్యాహ్నం నేను కిటికీ దగ్గర మన పుస్తకం తిరగేస్తున్నాను. వదిన వంటింట్లోంచి పిలిచింది. టాబ్లెట్‌లో "సంగతి అయింది తిందువు రా" అని వచ్చింది. నేను లేచేలోపే ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా భుజం మీదుగా వంగి, తెర మీద వేలు పెట్టింది. ఆమె పెదవులు కదలడం చూస్తూ ఉన్నాను. సం. గ. అక్కడ ఆగింది. కళ్లు చిట్లించింది. మళ్లీ మొదటి నుంచి వచ్చింది.

"ఇదేం రాసింది? నేను సంగటి అన్నా, రాగి సంగటి. ఇది 'త' పెట్టింది. ఆడ 'ట' ఉండాల కదా?"

నేను తల ఊపాను.

"దీనికి బడి చెప్పినోళ్లెవరో గానీ, సరింగా చెప్పల్యా" అంది వదిన. "దిద్దు."

దిద్దాను. ఆమె ఇంకోసారి వేలు పెట్టి చదివి, సరే అన్నాక, ఇద్దరం తినడానికి లేచాం.

నీ రాహేలు